రాఘవరావు గారు సగం చేసిన మంచం

మొన్న చెక్కల దుకాణంలో ఎవరో పైన్ పలక కోయించుకుంటున్నారు. రంపం ఆగాక గాలిలో నిలిచిన ఆ తీపి జిగురు వాసనకి నేను తోస్తున్న బండి ఆగిపోయింది. ఎనభైల మొదట్లో, అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్క వీధిలో ఉండే మాణిక్యాంబ పిన్నిగారి గరాజ్‌లో ఒక చలికాలమంతా ఇదే వాసన.

అప్పట్లో నాకు ఉద్యోగం చేసే వీసా లేదు. మా ఆయన శేషు కార్ల కంపెనీకి వెళ్లిపోతే నేను పబ్లిక్ లైబ్రరీకి వెళ్లేదాన్ని. కాలేజీ మెట్లెక్కని నేను అక్కడ కుళాయి బిగించడం నుంచి నక్షత్రాల పుట్టుక దాకా చదివాను. ఎవరేం మాట్లాడినా “అది నేను చదివానండీ” అనేదాన్ని. పిన్నిగారు నవ్వేవారు. “దీనికి దేవుడు కనిపించినా, ఏ షెల్ఫ్‌లోంచి వచ్చావని అడుగుతుంది!”

ఆమె భర్త రాఘవరావు గారు ఆకులు రాలే రోజుల్లో గుండె ఆగి పోయారు. ఫ్యూనరల్ హోమ్ వారి వ్యాన్ వచ్చింది, తలుపు మూసుకుంది, వెళ్లిపోయింది. పాడె లేదు, మోసే భుజాలు లేవు. ఆనాటి నుంచి పిన్నిగారు నడుం వాల్చలేదు. హాల్లో కుర్చీలో కూర్చునే కునికేవారు. మనిషి మా కళ్లముందే ఎండిపోతోంది.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, వంటింటి గోడకి చెవి ఆనించమన్నారు. టక్. కాసేపటికి మళ్లీ టక్. గోడ అవతల గరాజ్. తలుపు తీశాం. నేల మీద రెండు పొడుగాటి బద్దలు, వాటికి అడ్డంగా వరసగా బిగించిన పలకలు. ఆయన చేస్తూ చేస్తూ వదిలేసిన ప్లాట్‌ఫాం మంచం, కోళ్లు లేకుండా దిమ్మ మీద కూర్చునే రకం. బద్దల చివర్లు ఇంకా కోయలేదు. ఎవరో వచ్చి పట్టుకోవడానికన్నట్టు నాలుగు మూలలా పొడుచుకొచ్చి ఉన్నాయి.

“ఏమిటిది, చెప్పు.”

“మంచం ఫ్రేమండీ.”

“సరిగ్గా చూసి చెప్పు.”

చూశాను.

“తన పాడె తనే కట్టుకున్నారమ్మాయ్. మనం వ్యాన్‌లో పంపేశాం. ఇది ఇంకా ఎదురుచూస్తోంది.”

ఎండకీ చలికీ చెక్క కదులుతుందని, అప్పుడు స్క్రూల దగ్గర చప్పుడవుతుందని గబగబా చెప్పాను. ఆమె అంతా విన్నారు. “నీ పుస్తకం నిజమే అయ్యుంటుంది. వారు పాత మంచం మీద అటు నుంచి ఇటు ఒత్తిగిల్లినప్పుడూ ఇదే చప్పుడు. దీన్ని పూర్తి చేస్తే దీని మీదే పడుకుంటాను. అందాకా నాకు నిద్ర లేదు.”

వడ్రంగం పుస్తకం తెచ్చాను. ఫ్రేమ్ కింద, నడిచేవాళ్ల కాళ్లకి తగలకుండా లోపలికి, పెట్టెలాంటి దిమ్మ ఉండాలని అందులో ఉంది. దాన్ని పడకగదిలోనే కట్టాం. స్క్రూ బిగించే ముందు సన్నటి బెజ్జం వేయకపోతే చెక్క చీలిపోతుంది. ఆ బెజ్జాలన్నీ పిన్నిగారే వేశారు. నేను గరుకు కాగితంతో రుద్దుతుంటే పక్కన కూర్చుని, “మూలలు వదిలేస్తున్నావ్. పుస్తకానికి మోకాళ్లుండవు గానీ మనకున్నాయి కదటే!” అనేవారు. నా రుద్దుడు ఆగగానే గరాజ్ వైపు నుంచి టక్ మనేది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా మళ్లీ పనిలో పడేవాళ్లం.

చివర్లు కోసేస్తే ఫ్రేమ్‌ని పక్కకి వాల్చి వంటింటి గుమ్మంలోంచి తిప్పేయవచ్చు. “ఇప్పుడే వద్దు” అన్నారామె. అందుకని ఒక ఆదివారం పొద్దున, గరాజ్ పెద్ద తలుపు ఎత్తి, ముందు వాకిట్లో పేరుకున్న మంచు మీదుగా వెడల్పాటి వీధి తలుపు దాకా మోయాల్సి వచ్చింది. శేషు, నేను, పిన్నిగారు, ఎదురింటి టామ్. టామ్‌కి మా సంగతులేవీ తెలియవు. “భుజాల మీద పెట్టుకుందాం, ఈజీగా ఉంటుంది” అన్నాడు ఇంగ్లీషులో. శేషు నా వైపు చూశాడు. ఎత్తాం. ఖాళీ చెక్క అంత బరువుంటుందనుకోలేదు.

సగం దూరం నడిచాక, “దించండి” అన్నారు పిన్నిగారు.

మన వైపు శ్మశానానికి వెళ్లే దారిలో ఒకచోట పాడె దించి, ప్రాణం ఏ మూలనైనా మిగిలిందేమోనని, చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. దింపుడు కళ్లం అంటారు. ఆమె మంచులో మోకాళ్ల మీద కూర్చున్నారు. పెళ్లయిన నాటి నుంచి భర్త పేరు పలకని మనిషి, ఖాళీ పలకల మీదికి వంగి, “రాఘవరావు గారూ” అని పిలిచారు. మళ్లీ పిలిచారు. ఇంకోసారి పిలిచారు.

టక్.

టామ్ ఒకడుగు వెనక్కి వేశాడు. పిన్నిగారు తలెత్తి నన్నే చూశారు. “విన్నావా?”

“విన్నానండీ.”

“పుస్తకం ఏమంటుంది?”

ఉన్నట్టుండి చలిగాలిలోకి తెచ్చిన చెక్క గురించి ఒక పేజీ మొత్తం నా నాలుక మీదే ఉంది. “అందులో లేదండీ” అన్నాను.

“అబద్ధాలకోరు పిల్లా!” అన్నారు. ఆయన పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

లోపల దిమ్మ మీద ఫ్రేమ్ కుదిరాక రంపం తనే అడిగి తీసుకున్నారు. మేం కదలకుండా పట్టుకుంటే నాలుగు చివర్లూ తనే కోశారు. పరుపు వేయగానే, పట్టపగలు, ఒక అంచుకి జరిగి పడుకున్నారు. మేం బూట్లు తొడుక్కునేలోపే నిద్రపోయారు. వెళ్తూ వెళ్తూ పడకగదిలోకి తొంగిచూశాను. ఆమె వదిలిన సగంలో పరుపు కాస్త కుంగి ఉన్నట్టనిపించింది. ఆ సంగతి శేషుకి కూడా చెప్పలేదు.

ఆ తరవాత నేను పుస్తకాలేమీ మానలేదు. ఎవరైనా చెవి ఒగ్గి దేనికోసమో వింటున్నప్పుడు మధ్యలో నాకు తెలిసింది చెప్పడం మాత్రం మానాను.

శేషు కిందటేడు పోయాడు. ఇంటి ముందు వ్యాన్ ఆగి ఉంది. స్ట్రెచర్ తోస్తున్న అబ్బాయిలని వాకిట్లో ఆగమన్నాను. వంగి, చెవి దగ్గర పేరు పెట్టి పిలిచాను. మూడోసారి పిలిచాక నేను వెంటనే లేవలేదు. జవాబు రావడానికి పట్టేంత సేపు అక్కడే ఉన్నాను.