సీసాలో రెండు పొరలు

మగ్గాల చప్పుడు లేని సూరత్‌ను చూడాలంటే ఆ కరోనా రోజుల్లోనే చూసి ఉండాలి. చీరల మిల్లు మూతపడి బాపు, ఆఫీసుకు రావద్దన్నారని నేను, డిండోలిలోని ఒంటిగదిలో రోజంతా ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. హజీరాలోని ఒక రసాయనాల కంపెనీలో నాది కొత్త ఉద్యోగం. నీళ్లూ ఆల్కహాలూ కలిసిపోతే (తాగేది కాదు, మద్యనిషేధమున్న గుజరాత్‌లో ఈ మాట ముందే చెప్పుకోవాలి) ఎలా విడదీయాలో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా పని. కాచితే కొంతవరకే విడివడతాయి, ఆపైన ఆవిరి కూడా కలిసే లేస్తుంది. ఉప్పు వేస్తే మాత్రం రెండు పొరలుగా చీలతాయని, ఏ పాళ్లకు ఎంత ఉప్పు కావాలో నేను కట్టిన లెక్కల నమూనా చెప్పింది. తెర మీద అది గీసిన గీతలను చూసి మురిసినంతగా అద్దంలో నన్ను చూసుకుని కూడా ఎన్నడూ మురవలేదు.

మా పెద్దసారు వీడియో కాల్‌లో పెదవి విరిచారు. "కాగజ్ పే తో సబ్ అలగ్ హోతా హై, భాయ్." కాగితం మీద అన్నీ విడిపోతాయట. రేపు కళ్లకు చూపించాలి, లేదంటే లెక్కలు కట్టిపెట్టి గోడౌన్ పనికి పోవాలి.

ఇంట్లో ఉన్న ఆల్కహాలల్లా అమ్మ దేవుడి గూట్లో దాచిన శానిటైజరే.

"దాన్ని ముట్టినవంటే చేతులిరగ్గొడ్త!"

"ఇయ్యవే, పిలగాని నౌకరీ మీదికొచ్చింది," అంటూ బాపు తనవంతుగా, పొరలు కంటికి ఆనేలా చిటికెడు చీరల రంగు తెచ్చిచ్చాడు.

మర్నాడు సారు వీడియోలో చూస్తుండగా సీసాలో అన్నీ పోసి, లెక్క ప్రకారం ఉప్పు వేసి ఊపాను. సీసా నిండా ఒకటే గులాబీ రంగు.

"షర్బత్ అచ్ఛా బనా హై," అన్నారు సారు. షర్బత్ బాగా కుదిరిందట.

"జర ఇంక ఊపురా," అని బాపు గొణిగాడు.

ఎక్కడి ధైర్యమో, "నమూనా తప్పు కాదు సార్, ఈ శానిటైజర్‌లో చీటీ మీద రాసిన దానికంటే నీళ్లు ఎక్కువున్నాయి," అన్నాను. నా వెనక, గది మూల నుంచి అమ్మ గొంతు చిన్నగా వినిపించింది. "నేనే జర నీళ్లు కలిపిన. అయిపోతుంటే షాంపూల కలుపుతం గద, గట్లనే."

"గందుకేనా, ఎంత రుద్దినా చేతులు ఆరుతలేవు!" అన్నాడు బాపు.

సంగతి నేను హిందీలో చెబితే విని సారు కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు. అమ్మ కలిపిన నీళ్లను బట్టి నేను పాళ్లు మార్చి మళ్లీ లెక్కగట్టి, మరింత ఉప్పు అడిగాను. ("గింత ఉప్పు వారం కూరలకొస్తది!") ఈసారి రంగంతా మెల్లగా పైకెక్కింది, అడుగున తేటనీరు నిలిచింది. "ఇగో, రెండు పొరలైనయ్!" అని బాపు అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు కిటికీలు తెరిచారు. "పని కొనసాగించు," అన్నారు సారు. "నీ నమూనా మీ అమ్మను కూడా పట్టేసింది."

ఇప్పుడు నాకు పెద్ద ప్రయోగశాల, స్వచ్ఛమైన ద్రావకాలు ఉన్నాయి. అయినా లెక్క కుదరని రోజున ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాను, నీళ్లు కలిపానని ఎవరైనా చెబుతారేమోనని.