మూడో చెయ్యి

మా ఫ్యాక్టరీకి వచ్చిన జపాన్ సారు ఎన్నడూ తన గ్లాసు తాను నింపుకోలేదు. నెలనెలా పార్టీలో పక్కవాడికి పోసి, తన ఖాళీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చునేవాడు. వాళ్ల దేశంలో అదే పద్ధతట. మేనేజరైనా సరే, ఎవరో ఒకరు పోస్తేనే తాగాలి.

మా ఫోర్‌మన్ పటేలుకి అది గిట్టేది కాదు. మాదీ ఆయనదీ ఒకటే ఊరు. మా నాయన ఆయన పొలంలోనే కూలి చేశాడు. నేను సీసా పట్టుకుని దగ్గరికి వెళ్తే చాలు, "నాకొద్దురా" అని గ్లాసు మీద అరచెయ్యి మూసేవాడు.

సారు జపాన్ తిరిగి వెళ్లే ముందు, ఒక ఆదివారం పొద్దున పటేలూ మేమూ కలిసి ఆయన్ని మా ఊరి తాటివనానికి తీసుకెళ్లాం. కల్లు గీసే గౌడు అందరికీ దోనెలా మడిచిన తాటాకు రేకలు ఇచ్చాడు. రేకను నోటి దగ్గర రెండు చేతులా పట్టుకోవాలి, కల్లు ఇంకొకరు పోయాలి. అది చూసి సారు పిల్లాడిలా నవ్వాడు.

"మంచిగుంది! ఎవరూ సొంతం పోసుకోలేరు!" అన్నాడు తనకొచ్చిన తెలుగులో. సారే గౌడు దగ్గరున్న కల్లు లొట్టి తీసుకుని నా చేతిలో పెట్టి, పటేలు వైపు చూపించాడు.

పటేలు రెండు చేతులూ రేక మీదే ఉన్నాయి. అడ్డం పెట్టడానికి మూడో చెయ్యి లేదు. అందరూ చూస్తున్నారు.

"ఏంది సూస్తున్నవ్? పొయ్," అని ఆయన తల వంచాడు.

ధార తెగకుండా పోశాను. నేను ఆపేదాకా ఆయన తల ఎత్తలేదు. పక్కనే సారు, ఖాళీ రేక రెండు చేతులా పట్టుకుని, నేను పోసేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు.