వాన రాకముందు చేయాల్సిన పనులు

నాయన బండి మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్న ఏడాది మా నాలుగెకరాల సేద్యం నా చేతికి వచ్చింది. తొంభైల చివరి మాట. డిగ్రీ తప్పి నల్లమాడ దగ్గర మా ఊరికి తిరిగివచ్చిన నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఏ పనైనా రేపు చేద్దామనుకునేవాణ్ని. ఇంట్లో వాళ్లు బద్ధకమనుకున్నారు. నిజానికి ఏది ముందు చేయాలో నాకు తెలిసేది కాదు. విత్తనానికి వేరుశెనగ కాయలు ఒలిపించాలి, విత్తే గొర్రు బాగుచేయించాలి, పొలంలో కంప తీయించాలి. ఒకటి మొదలుపెడదామంటే ఇంకొకటి గుర్తొచ్చేది. రెండూ వదిలేసి అరుగు మీద కూర్చునేవాణ్ని.

ఆరుద్ర కార్తెలో ఒక మధ్యాహ్నం మంచి వాన పడింది. మా ఎర్రనేలలో విత్తడానికి కావాల్సిన తడి పదును మూడు రోజులు నిలిస్తే గొప్ప. తెల్లారేసరికి ఊరంతా విత్తడానికి గొర్రులు కట్టింది. నేను వడ్రంగి ఇంటికి పరుగెత్తాను. నాకంటే ముందే నలుగురు కూర్చుని ఉన్నారు. కాయలు ఒలిచే ఆడవాళ్లంతా విత్తే పనికి వెళ్లిపోయారు. మూడోరోజు సాయంత్రం గొర్రు చేతికొచ్చే వేళకు మట్టి పొడిపొడిగా రాలుతోంది. మళ్లీ వాన పడేసరికి వేరుశెనగకు అదను దాటింది. ఉలవలు చల్లుకున్నాం. నాయన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆ ఫాల్గుణంలో అక్క వచ్చింది. ఆమె కొత్తచెరువులో జాకెట్లు కుడుతుంది. పెళ్లిళ్ల కాలంలో కూడా చెప్పిన రోజుకు ఇస్తుందని పేరు. నా గోడు విని పాత క్యాలెండర్ కాగితం తిరగేసి నా ముందు పెట్టి, చేయాల్సిన పనులన్నీ తేదీలు వేసి వరసగా రాయమంది.

"వాన ఎప్పుడొస్తాదో తెలీకుండా ఎట్ల రాసేదిక్కా?" అన్నాను.

"వానను రాయద్దు. వానకు ముందర మన చేతిలో అయ్యేటివి రాయి. ఇంకొకరి కోసరం కాచుకోవాల్సినవి అన్నిటికంటే పైన రాయి."

అలా వడ్రంగి మొదటికి వచ్చాడు. కాయలు మరీ ముందు ఒలిపిస్తే మొలక చెడుతుంది కాబట్టి ఆ పని చివరికి పోయింది. పైనున్న పని అయ్యేదాకా రెండోదాని వైపు చూడొద్దని అక్క గట్టిగా చెప్పింది. ఎలాగూ ఎగ్గొడతానని తెలిసి, వారానికొక రోజు ఖాళీగా వదిలింది. ఎండాకాలంలో గొర్రు తెచ్చానని వడ్రంగి నవ్వాడు. నాకూ సిగ్గేసింది. అయినా ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయాను.

ఆ ఏడు తొలకరి తొందరగా వచ్చింది. రెండోరోజు పొద్దుగూకకముందే మా చేలో విత్తడం అయిపోయింది. ఊళ్లో అందరికంటే మేమే ముందు. గర్వంగా తిరిగాను.

తర్వాత నలభై రోజులు చుక్క రాలలేదు. సరిగ్గా పూతకొచ్చి, కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే సమయం. మా పక్క చేని రైతు పామిడిలో చుట్టాల పెళ్లికి పోయి తొలివాన పోగొట్టుకున్నాడు. అదను ఇంకా దాటలేదు కాబట్టి, నలభై రోజుల తర్వాత పడిన వానకు విత్తాడు. వెనక వచ్చిన వానలు ఆయన పైరుకు అచ్చంగా సరిపోయాయి. ఆయన చెట్టు పీకితే కాయలు గుత్తులుగా వేలాడాయి. మా చెట్టుకు రెండో మూడో, అవీ తాలు.

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆలస్యం చేసిన ఏడు ఆలస్యమే తప్పయింది. తొందరపడిన ఏడు తొందరే తప్పయిందా? ఊళ్లోని ఫోను బూత్ నుంచి అక్కకు ఫోన్ చేసి, నువ్వు చెప్పినట్టే చేశానని కాస్త నిష్ఠూరంగానే అన్నాను.

"నాకూ తెలీదప్పా. జాకెట్లకు వానతో పని లేదు కదా," అంది.

అప్పటికి నాయన కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఒక పొద్దున చేలోకి వచ్చి ఒక చెట్టు పీకి, మట్టి దులిపి చూశాడు.

"పోయినేడు నీ మింద కోపమొచ్చినాది," అన్నాడు. "ఈ యేడు రాలేదు."

అది ఓదార్పో, ఉన్నమాటో తేల్చుకోలేకపోయాను.

ఆ తర్వాత కూడా ఏటా ముందే సిద్ధమయ్యాను. కొన్నేళ్లు పంట వచ్చింది, కొన్నేళ్లు రాలేదు. అందులో నా జాగ్రత్త వల్ల వచ్చిందెంతో, మబ్బు దయ ఎంతో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. నన్ను నేను తిట్టుకోవాల్సిన ఏడు మాత్రం మళ్లీ రాలేదు.