నాలుగు చుక్కల నూనె

మొన్న ఖమ్మంలో మా కుక్కకు పట్టిన గోమార్లకు, అవే రక్తం తాగే పిడుదులకు, మందు అడిగితే, దుకాణాయన చిటికెన వేలంత సీసా చేతిలో పెట్టి, "అంతా చెట్ల నూనెలే సార్, రసాయనం లేదు. ఎంత రాసినా ఏం కాదు" అన్నాడు. మూత తీయగానే నిమ్మగడ్డి వాసన గుప్పుమంది. ఆ వాసనకూ ఆ మాటకూ నాకు మా బావ గుర్తొచ్చాడు. మా అక్క మొగుడు. కల్లూరు దగ్గర మిరప రైతు. ఎవరి మాటా వినని మనిషి, అందులో నా మాట అసలే వినడు.

అప్పట్లో నేను చర్ల అవతల ఒక అడవి పల్లెలో బడిపంతులుని. అక్కడికి రోడ్డు ఉందనుకుంటేనే ఉండేది. బడిలో వంట చేసే ఆమె కుక్కలు పొద్దంతా పొదల్లో తిరిగొచ్చినా వాటి చెవుల్లో ఒక్క గోమారి కనిపించేది కాదు. మా బావ కుక్కకేమో చెవుల నిండా అవే, రక్తం తాగి ఆముదపు గింజల్లా ఉబ్బి. అది తిండి మానేసి నీరసించిపోయింది. ఆ సంగతి చెబితే వంటామె నిమ్మగడ్డిని బట్టీలో కాచి తీసిన నూనె అర సీసా ఇచ్చింది. "నాలుగంటే నాలుగు చుక్కలు సారు, గిన్నెడు కానుగ నూనెల కలపాలె. గిది రాస్తే కొత్తయి జల్దీ ఎక్కవు. ఎక్కినయి మాత్రం చేత్తోనే ఏరాలె" అని రెండుసార్లు చెప్పింది.

ఆదివారం కల్లూరు పోయి సీసా ఇచ్చి, ఆమె మాట పొల్లుపోకుండా అప్పజెప్పాను. బావ నవ్వాడు. "ఏందయ్యా పంతులూ, డబ్బా మీద రాసినంత కొడితే ఏ పురుగన్నా చచ్చిందా? ఒక మూత చాలన్న కాడ నేను మిరపకు రెండు మూతలు పోస్తా. ఇది ఉత్త ఆకు రసం, ఏమైతది?" ఆ లెక్క తప్పని ఆ ఊళ్లో ఏ రైతూ అనడు. నేను అన్నం తిని లేచేసరికి అర సీసా నూనె, ఏమీ కలపకుండా, కుక్క ఒంటికి పట్టించేశాడు. గంట గడిచిందో లేదో దాని నోట్లోంచి చొంగ కారింది. ఒళ్లు నాక్కుంటూ, వణుకుతూ, వెనక కాళ్లు పట్టు తప్పి కూలబడింది.

అక్క తిట్లు లంకించుకుంది. ముగ్గురం దాన్ని సబ్బుతో మూడుసార్లు కడిగి, ఆటోలో పశువుల దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరు ఇంటి నుంచి వచ్చేదాకా బావ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కల్లంలో మిరపకాయలు వానకు తడిసినప్పుడు కూడా ఆయన మొహం అలా లేదు. "నోరు లేని జీవి, మండుతుందని నాకెట్ల చెప్తది? నేనే చంపిన" అన్నాడు. డాక్టరు సెలైన్ పెడుతూ, "చెట్టు నుంచి వచ్చిందైతే విషం కాదని ఎవరు చెప్పిన్రు?" అని అడిగితే, ఎప్పుడూ జవాబుకు తడుముకోని బావ సెలైన్ సీసా అందుకుని పైకెత్తి పట్టుకున్నాడు. నాకు జాలి కలిగింది. నిజం చెప్పాలంటే కాస్త తృప్తి కూడా కలిగింది.

మూడో రోజుకు కుక్క లేచి గంజి తాగింది. అప్పటి నుంచి బావ రోజూ పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని, దాన్ని అరుగు మీద పడుకోబెట్టి, చెవులు మడిచి, వేళ్ల సందులు విప్పి, గోమార్లు ఏరి సబ్బునీళ్ల చిప్పలో వేసేవాడు. గంట పట్టేది. "నా తలల పేను ఎన్నడన్న చూసిండా ఈ మనిషి?" అని అక్క మూతి తిప్పేది. మిరపతోటకు మాత్రం రెండు మూతలు మానలేదు. పూర్తిగా మారిపోయాడని నేను చెప్పినా ఆ ఊళ్లో ఎవరూ నమ్మరు.

ఆరేళ్లకు ఆ కుక్క ముసలిదై చనిపోయింది, ఒక్క గోమారి లేని చెవులతో. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడు బావ పొద్దున్నే అరుగు మీద కళ్లద్దాలు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు. నేనూ పోయి పక్కన కూర్చున్నాను. ఒక జీవి మనకు అలవాటు చేసిన గంట, ఆ జీవి పోయాక కూడా రోజూ వేళకు వస్తూనే ఉంటుంది.