కప్పు చరిత్ర, ఈ పొద్దుటి వరకు

ఒకే ఒక్క వాక్యంతో ఇంటినిండా ఉన్న జనం పండగ పాడుచేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే దిగులు పడకండి, ఆవిడ రాసిందే ఇప్పుడు చదువుతున్నారు. తుపాను వస్తుంటే వాతావరణశాఖ వాళ్ళు ముందురోజైనా చెబుతారు. నేను వస్తున్నప్పుడు మాత్రం ఆ ఇంటికి ఏ హెచ్చరికా అందలేదు, పాపం.

అప్పటికి నేను కెనడా వచ్చి ఏడాది కాలేదు. మిస్సిసాగాలో కాపురం, దగ్గర్లోని వాన్ అనే ఊళ్ళో ఉద్యోగం. సరుకు లారీలు ఎక్కడున్నాయో, ఎప్పుడు చేరతాయో కంప్యూటర్లో చూసే ఆఫీసు మాది. ఉద్యోగం బాగానే ఉంది కానీ కాంట్రాక్టు. జనవరి దాటితే ఉంచుతారో, పంపిస్తారో మా మేనేజర్ డగ్ దయ. అంతకుముందు ఉద్యోగం లేని ఆరు నెలలూ ఇంట్లో సోఫాలో కూర్చుని, సీరియల్లో ఎవరు ఏడిస్తే వాళ్ళతో పాటు ఏడ్చాను. మళ్ళీ ఆ సోఫాలోకి వెళ్ళాలంటే నాకు నిజంగా భయం.

మా ఆఫీసులో నాతో తెలుగు మాట్లాడే ప్రాణి ఒకడే ఉండేవాడు, శ్రీధర్. నిజామాబాద్ వాడు. కాలేజీ చదువుతూ గోడౌన్లో పార్ట్‌టైమ్ చేసి, పై అంతస్తులోకి వచ్చాడు. నాకు సలహాలివ్వడం తన జన్మహక్కు అనుకునేవాడు.

"అక్కా, పని ఎంత మంచిగ చేసినా గింతే. డగ్‌కు హాకీ అంటే పానం. రెండు ముక్కలు మాట్లాడు, జాబ్ పర్మనెంటయితది."

"నాకు హాకీ అంటే గడ్డి మీద ఆడేదే తెలుసురా."

"ఈడ మంచు మీద ఆడతరు. గంతే ఫరకు."

అంతే తేడా అనుకునే నేనూ బోర్లా పడ్డాను.

డిసెంబర్లో ఓ రోజు భోజనాల దగ్గర డగ్ పెద్ద గొంతుతో అందర్నీ పిలిచాడు. యూరప్‌లో, స్విట్జర్లాండ్ కొండల్లో ఓ ఊరుంది. క్రిస్మస్ మర్నాటి నుంచి సంవత్సరం ఆఖరి రోజు వరకు ఏటా అక్కడ ఓ హాకీ టోర్నమెంటు జరుగుతుంది. వేరే వేరే దేశాల క్లబ్బులు వచ్చి ఆడతాయి, వాటితో పాటు కెనడా జట్టూ ఒకటి వెళుతుంది. దాని అసలు పేరు ఇక్కడ రాయను. రాస్తే హాకీ తెలిసినవాళ్ళు నా జాడ పట్టేస్తారు. మనకి "కొండమీది కప్పు" అంటే సరిపోతుంది.

"ఆఖరి రోజు పొద్దున పదింటికి అందరూ మా ఇంటికి రావాలి. ఫైనల్ చూద్దాం," అన్నాడు డగ్.

ఇక్కడ నేను నోరు మూసుకుని నా పులిహోర నేను తిని ఉంటే ఈ కథ లేదు. కానీ శ్రీధర్ బల్లకింద నా కాలు తొక్కాడు. ఆ కాలిలో ఏ నరం నాలుకకి కలిసి ఉందో గానీ, "ఆ కప్పు చరిత్ర నాకు బాగా తెలుసు," అనేశాను.

డగ్ చేతిలో శాండ్‌విచ్ ఆగిపోయింది. "నిజంగా? ఇక్కడ పుట్టినవాళ్ళకే తెలీదు!"

"కొద్దిగా చదివాను," అన్నాను, వినయంగా. అబద్ధం ఆడేటప్పుడు వినయం తప్పనిసరి.

"అయితే మ్యాచ్ ముందు ఐదు నిమిషాలు నువ్వే చెప్పాలి. మా నాన్న వాల్టర్ చాలా సంతోషిస్తాడు. కుర్రతనంలో ఆయన అక్కడికి వెళ్ళి ఆడాడు. ఏడాదంతా ఆ ఒక్క పొద్దు కోసమే ఎదురుచూస్తాడు."

డగ్ వెళ్ళాక శ్రీధర్ వీపు తట్టాడు. "మంచిగ చెప్పినవంటే ఇగ నీ జాబ్ పక్కా అక్కా!"

నా గురించి మీకో సంగతి చెప్పాలి. పెళ్ళికి ముందు నేను హైదరాబాద్ అశోక్‌నగర్లో గ్రూప్ టూ కోచింగ్ తీసుకున్నాను. ఉద్యోగం రాలేదు కానీ జబ్బు వచ్చింది. ఏదైనా చదివితే మూలం నుంచి మొదలుపెట్టి ఈ పొద్దుటి వార్త దాకా చదవడం ఆ జబ్బు. మా కోచింగ్ మాస్టారు బల్ల గుద్ది చెప్పేవారు: "చరిత్ర ఒక్కటే చదివితే సగం మార్కులే! మిగతా సగం కరెంట్ అఫైర్స్! నిన్నటి జవాబు ఇవాళ తప్పు!" పరీక్ష పోయింది, ఆ వాక్యం మాత్రం నెత్తురులో ఉండిపోయింది.

కాబట్టి కప్పు చరిత్రను గ్రూప్ టూ సిలబస్ లాగా పట్టాను. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక ఓ డాక్టరు గారు ఆ కప్పు పెట్టారు. నిన్నటిదాకా ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్న దేశాల కుర్రాళ్ళు తుపాకులు వదిలి కర్రలు పట్టుకుని మంచు మీద కలవాలని ఆయన కోరిక. మొదటి కప్పు గెలిచింది ఇంగ్లండులోని ఓ విశ్వవిద్యాలయం జట్టు. అందులో ఆడింది మాత్రం అక్కడ చదువుకుంటున్న కెనడా కుర్రాళ్ళు! ఈ ముక్క దొరికినప్పుడు నాకు నిధి దొరికినట్టయింది. అంట్లు తోముతూ చదివాను, హైవే మీద ట్రాఫిక్ ఆగినప్పుడల్లా వల్లె వేశాను.

ఆఖరి రోజు రానే వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నేను పొద్దు పొడవకముందే లేచాను. స్విట్జర్లాండ్‌లో మధ్యాహ్నమైతే ఇక్కడ కెనడాలో తెల్లవారుజాము కదా, ఫైనల్ అప్పుడే మొదలైంది. దుప్పటి కప్పుకుని ఫోన్లో చూడటం మొదలుపెట్టాను.

"ఏంటే అది, ఈ వేళప్పుడు?" అని మూలిగారు మావారు.

"కరెంట్ అఫైర్స్. మీరు పడుకోండి."

ఆట మొత్తం చూశాను. కెనడా రెండు గోల్స్ ముందుండి, చివర్లో వరసగా మూడు తిని, స్విస్ క్లబ్బు చేతిలో ఓడిపోయింది. ఆఖరి గోల్ కొట్టినవాడి చొక్కా నంబరుతో సహా కంఠతా పట్టేశాను. మాస్టారు చూసి ఉంటే కంట నీరు పెట్టుకునేవారు.

డగ్ ఇంటి గుమ్మంలో ఓ బుట్ట పెట్టారు. వచ్చినవాళ్ళంతా ఫోన్లు అందులో వేస్తున్నారు. నేనూ వేశాను. పరీక్ష హాల్లోనూ ఇంతేగా, పద్ధతి గల ఇల్లు అనుకున్నాను. మ్యాచ్ అయిపోయాక పదింటికి చూడటమేమిటని మీకు అనుమానం రావచ్చు. నాకు రాలేదు. మన దగ్గర ఇండియా గెలిచిన పాత క్రికెట్ మ్యాచ్ వేస్తే, గెలుస్తామని తెలిసే చూస్తాం, తెలిసే గోళ్ళు కొరుక్కుంటాం. వీళ్ళూ అలాగే రెండోసారి చూసుకుంటున్నారని నా నమ్మకం.

బేస్‌మెంటులో గోడంత టీవీ. ముందు వరసలో పెద్ద కుర్చీలో వాల్టర్ గారు, మెడలో ఎర్ర మఫ్లర్. శ్రీధర్ సమోసాల ట్రేతో మెట్ల మీద నిలబడ్డాడు. డగ్ చప్పట్లు కొట్టి, "మన చరిత్రకారిణి పద్మజ!" అన్నాడు.

మొదలుపెట్టాను. చెప్పుకోకూడదు గానీ అద్భుతంగా చెప్పాను. డాక్టరు గారి దగ్గర అందరూ నిశ్శబ్దం. కెనడా కుర్రాళ్ళ దగ్గర ఈలలు. వాల్టర్ గారు కళ్ళు తుడుచుకుని, "మేం ఆడినప్పుడు ఆడే మంచు మైదానానికి పైకప్పు ఉండేది కాదమ్మా, మంచు పడుతుంటే ఊడ్చి ఆడేవాళ్ళం," అన్నారు. డగ్ బొటనవేలు పైకెత్తాడు. ఆ వేలిలో నాకు నా పర్మనెంట్ ఉద్యోగం కనిపించింది. ఆగొచ్చుగా? ఆగితే సగం మార్కులే కదా!

"ఇక తాజా సమాచారం," అన్నాను గొంతు సవరించుకుని. "ఈ రోజు పొద్దున జరిగిన ఫైనల్లో, రెండు గోల్స్ ముందుండి కూడా, చివరి నిమిషాల్లో కెనడా ఓడిపోయింది. కప్పు స్విస్ క్లబ్బుకే దక్కింది. ధన్యవాదాలు."

చప్పట్ల కోసం ఆగాను.

ఫ్రిజ్ మోటారు చప్పుడు వినిపించింది. ఎవరి చేతిలో సమోసా వాళ్ళ నోటికీ ప్లేటుకీ మధ్యలో ఉండిపోయింది.

"ఏమన్నావు?" అన్నాడు డగ్, చాలా నెమ్మదిగా.

వినపడలేదేమో అనుకున్నాను. కాబట్టి ఇంకా గట్టిగా, విడమరిచి, మళ్ళీ చెప్పాను. ఈసారి ఆఖరి గోల్ కొట్టినవాడి చొక్కా నంబరు కూడా కలిపాను.

శ్రీధర్ ట్రే అక్కడే పడేసి నా పక్కకొచ్చాడు. "ఏం జేసినవ్ అక్కా! పొద్దుగాల రికార్డింగ్ పెట్టిండు! ఎవ్వరికీ రిజల్ట్ తెల్వది! తెల్వద్దనే ఫోన్లు బుట్టల ఏయించిండు!"

"ముందే చెప్పొచ్చుగా!"

"నీకు చరిత్ర అంత తెలుసంటివి, గిది తెల్వదా!"

వాల్టర్ గారు తల వంచుకుని మఫ్లర్ అంచు నిమురుకుంటున్నారు. నన్ను నేను క్షమించుకోలేకపోయాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను ఆ కాలు కడగడానికి అదే అడుసు వాడాను.

"అయ్యో, అది వేరే ఏడాది సంగతి! చదివి చదివి కలిపేసుకున్నాను! ఇవాళ్టి మ్యాచ్ నాకేం తెలుసు?" అని నవ్వాను. ఆ నవ్వు నాకే నచ్చలేదు.

నమ్మాలని ఉన్నవాడు నమ్మడానికి ఎంతసేపు! డగ్ ముఖంలోకి నెత్తురు తిరిగొచ్చింది. "చూశారా, కలిపేసుకుందట!" అంటూ టీవీ పెట్టాడు.

కెనడా మొదటి గోల్ కొట్టింది. ఇల్లు ఎగిరింది. రెండోది కొట్టింది. డగ్ నా వైపు తిరిగి, "ఏమంటావు చరిత్రకారిణీ?" అని ఏడిపించాడు. నేనూ లేచి "గో కెనడా!" అని అరిచాను. చావు కబురు జేబులో పెట్టుకుని పెళ్ళిలో డాన్సు చేసినట్టుంది నా పని.

చివరి పీరియడ్, అంటే ఆటలో ఆఖరి భాగం, వచ్చింది. హాకీలో బంతి ఉండదు, నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఆ బిళ్ళ ఇంకా మైదానం మధ్యలోనే ఉంది, నా నోట్లోంచి "అయ్యయ్యో!" అని వచ్చేసింది. తర్వాత బిళ్ళ వెళ్ళి కెనడా గోల్లో పడింది.

అందరూ నా వైపు తిరిగారు.

"అది గోల్ కాకముందే ఏడ్చావేమిటి?" అన్నాడు డగ్.

"నా మనసుకి అలా తోచిందండీ."

ఇక నోరు కట్టేసుకోవాలని ఓ సమోసా మొత్తం కుక్కుకున్నాను. నోరు ఆగింది కానీ కళ్ళు వాటంతట అవే గట్టిగా మూసుకున్నాయి. మూసుకున్న మరుక్షణం స్విస్ వాళ్ళ రెండో గోల్ పడింది.

ఆ తర్వాత టీవీ ఎవరూ చూడలేదు. ఒక్కొక్కరే కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. గోడంత టీవీ వెనకాల అరుస్తోంది, జనం మాత్రం నా ముఖంలో మ్యాచ్ చూస్తున్నారు. నేను పెదవి కొరికితే "ఓ!" అంటున్నారు, ఊపిరి వదిలితే వాళ్ళూ వదులుతున్నారు. చొక్కా నంబరు చెప్పినవాడికి బిళ్ళ అందింది. నేను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాను.

"అయిపోయింది," అన్నాడు డగ్, స్క్రీన్ వైపు చూడకుండానే. నిజంగానే అయిపోయింది.

కోట్ల గదిలో బూట్లు వేసుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందన్న భయం ఒకవైపు, పెద్దాయన పండగ తినేశానన్న బాధ ఒకవైపు. ఇంతలో వాల్టర్ గారే కర్ర తాటించుకుంటూ వచ్చి తలుపు దగ్గరికి వేశారు.

"నన్ను క్షమించండి," అన్నాను.

"ఎందుకు? నేనూ పొద్దున్నే చూశాను," అన్నారు గుసగుసగా.

"ఆఁ?"

"ఏటా అంతే. నా గదిలో దుప్పటి కప్పుకుని, ధ్వని తీసేసి చూస్తాను. ఈ వయసులో పదింటిదాకా ఆగితే ఎలా, ఉంటానో ఉండనో! తర్వాత వీళ్ళతో కూర్చుని మళ్ళీ అరుస్తాను. డగ్‌కి ఇప్పటికీ తెలీదు." కన్ను గీటారు. "నీకు తొందర ఎక్కువమ్మా. ఏడుపు గోల్ పడ్డాక ఏడవాలి, ముందు కాదు. సాధన చెయ్యి. ఇది మాత్రం మనిద్దరి మధ్యే ఉండాలి."

చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

జనవరిలో డగ్ నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. రెజ్యూమెలో ఏమేం మార్చాలో అప్పటికే లెక్కలు వేసుకుంటున్నాను.

"పద్మజా, లారీ ఆలస్యమైతే కస్టమర్‌కి ఫోన్ చేసి చెప్పాలి. మా వాళ్ళకెవరికీ నోరు రాదు. మంచు అంటారు, రోడ్డు అంటారు, సాయంత్రం దాకా నానుస్తారు."

"అవునండీ."

"నీకా ఇబ్బంది లేదు. చెడ్డవార్తని నవ్వుమొహంతో, ఎవరూ అడక్కముందే, రెండుసార్లు చెప్పి, పైన ధన్యవాదాలు కూడా చెబుతావు. ఇలాంటి మనిషి కోసం ఏళ్ళుగా వెతుకుతున్నాను. పర్మనెంట్. సోమవారం నుంచి ఆ సీటు నీది."

ఈనాటికీ అదే సీటులో ఉన్నాను. డగ్ ఇంటికి ఏటా పిలుపు వస్తుంది, కానీ మ్యాచ్ అయ్యేదాకా నన్ను పై అంతస్తు వంటగదిలో సమోసాలు వేయించమంటారు.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా, కుడిచెయ్యి గుండె మీద వేసుకుని ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఏ చరిత్ర చెప్పినా నిన్నటి దగ్గరే ఆపేస్తాను. ఎవరి గుట్టూ, ఎంతటి వాళ్ళు అడిగినా, నా నోటి వెంట రాదు. వాల్టర్ గారి దుప్పటి సంగతి కూడా ప్రాణం పోయినా ఎవరికీ...

అయ్యయ్యో.