సెల్లులో ఎంత మిగిలింది

మార్కాపురంలో నాకు ఫోన్లు, లాప్‌టాప్‌లు బాగుచేసే చిన్న దుకాణం ఉండేది. పనికిరావని జనం వదిలేసిన లాప్‌టాప్ బ్యాటరీలు ఒక మూల పోగుపడేవి. విప్పితే లోపల వేలెడంత లిథియం సెల్లులు. అన్నీ చచ్చినవేనా, కొన్నిటిలో ఇంకా పస మిగిలి ఉందా? అన్నం తింటున్నా అదే ధ్యాస.

దానికి అక్క అవసరం తోడైంది. పెద్దదోర్నాల దగ్గర పల్లెలో వాళ్ళకు గొర్రెలున్నాయి. బావ కాలు విరిగి మంచాన పడ్డాక, రాత్రిళ్ళు పొలంలో మందకు కాపలా అక్కే పడుకునేది. పక్కనే అడవి. అప్పటికే చిరుత ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయింది. వెలుగుంటే అది దగ్గరికి రాదని అక్క నమ్మకం. "తెల్లారిందాక ఎలిగే లైటు ఒకటి చేసియ్యిరా" అని అడిగింది.

నిండా ఛార్జి చేశాక మీటరు పెడితే ప్రతి సెల్లూ నాలుగు వోల్టులు దాటి చూపించేది. ఆ మాట నమ్మితే మునిగినట్టే. ముఖం చూసి మనిషి ఎంత దూరం నడవగలడో చెప్పలేం, నడిపించి చూడాలి. అందుకే ఇంట్లో వంటగది గూట్లో సెల్లు పెట్టే డబ్బా, చిన్న బల్బు, స్విచ్చి బిగించాను. పొద్దున దుకాణానికి పోతూ ఒక సెల్లు పెట్టి బల్బు వేసేవాణ్ణి, చీకటిపడ్డాక వచ్చి చూసేవాణ్ణి.

వెలుగుతూనే ఉండేది! మర్నాడు ఇంకో సెల్లు, అదీ అంతే. తొక్క ఊడి వెలిసిపోయినది కూడా ఠీవిగా వెలిగేది. ఇంత బలమున్నవాటిని జనం ఎందుకు పారేస్తున్నారు? లాప్‌టాపే అబద్ధం చెబుతోందా? టీకొట్టు దగ్గర దీనిమీద నేనిచ్చిన ఉపన్యాసాలకు అంతులేదు. ఆ ఉత్సాహంలోనే నెగ్గిన సెల్లులు జతచేసి అక్కకు లైటు తయారుచేశాను.

లైటు కోసం అక్క వచ్చిన రోజు పెందలాడే దుకాణం మూసి ఇంటికొచ్చాను. అక్క లైటు సంచిలో పెట్టుకుని ఆఖరి బస్సుకు లేచింది. సందెవేళయింది. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి, ఇంట్లో లైట్లన్నీ వేసి, గూట్లో నా బల్బు స్విచ్చి కూడా నొక్కి, దానికీ ఒక దండం పెట్టింది.

పొద్దున నేను వేసి వెళ్ళిన బల్బు అది. "అమ్మా, దాన్ని ఆర్పిందెవరు?"

"నేనే. పట్టపగలు లైటేందిరా? నువ్వు అట్ల పోంగానే ఆర్పినా. సందేళ ఇంట్లో దీపం లేకుండ ఎట్లుంటది, మళ్ళ ఏసినా. రోజూ అంతే గదా!"

నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. నేను చూసిందంతా సందె నుంచి నేను ఇంటికొచ్చేదాకా వెలిగిన వెలుగే. అక్కకు చెప్పి, లైటు ఇక్కడే ఉంచమన్నాను, సరిగ్గా చూసి ఇస్తానన్నాను.

అక్క సంచి వదల్లేదు. "తెల్లారిందాక ఎలగకపోతే పోనీలేరా. ఎంతసేపు ఎలుగుతాదో అది చెప్పు. అంతసేపు నిద్రపోతా, ఆనక లేచి కూసుంటా."

చిరుత గొర్రెపిల్లను ఎత్తుకుపోయినప్పటి నుంచి ఆమె రాత్రిపూట కన్ను మూయలేదని అప్పుడు తెలిసింది. వస్తూ బస్సులో నిద్రపోయిందట, స్టాండులో కండక్టరు లేపాడట.

"చెప్పురా" అంది.

"తెలవదక్కా" అన్నాను.