ఏడో ఊరి నీళ్ళు

మా అత్తకు వంటింట్లో గడియారం ఎన్నడూ అవసరం కాలేదు. సంగటి ఆమె పాటతో ఉడికేది.

నేను ముదిగుబ్బ దగ్గరున్న ఈ ఊరికి కోడలుగా వచ్చిన కొత్తలో అది చూసి ఆశ్చర్యపోయాను. కట్టెల పొయ్యి మీద ఎసరు మరిగి బియ్యం పడగానే ఆమె పీట లాక్కుని కూర్చునేది. కొంగు నడుముకు దోపుకుని పాట ఎత్తుకునేది. అమ్మవారి పాట. కరువుకాలంలో అమ్మవారు దాహంతో నడిచిపోతూ ఊరూరా నీళ్ళడుగుతుంది. మొదటి ఊర్లో బావి ఎండిపోయింది. రెండో ఊర్లో బావిలో నీళ్ళున్నాయి గాని చేద లేదు. మూడో ఊర్లో చేద ఉంది గాని తాడు చాలదు. ఇట్లా ఆరు ఊర్లు తిరుగుతుంది. మూడో ఊరు దాటగానే రాగిపిండి గుట్టగా పోసి మూత పెట్టాలి. ఐదో ఊర్లో కట్టెలు వెనక్కి లాగి ఉత్త నిప్పుల మీద మగ్గనివ్వాలి. ఆరో ఊర్లో కుండ కిందికి దించి, పాదాలతో అదిమిపట్టి, సంగటి కట్టెతో కెలకాలి. ఏడో ఊర్లో అమ్మవారికి నీళ్ళు దొరుకుతాయి, మాకు ముద్ద దొరుకుతుంది.

ఆ ఏడో ఊరు మాత్రం నేను ఎన్నడూ వినలేదు. సరిగ్గా అప్పుడే అత్త, "పో మే, మొగోళ్ళు సేని నుంచి వచ్చినారు, కాళ్ళకు నీళ్ళియ్యి పో" అని తరిమేది. చెంబు పట్టుకుని పోయి తిరిగి వచ్చేసరికి ముద్దలు కట్టి ఉండేవి. పాట అయిపోయి ఉండేది. అమ్మవారు నీళ్ళు తాగి వెళ్ళిపోయిన ఇంట్లోకి వచ్చినట్టుండేది నాకు. ఎవరిచ్చారు, ఎట్లా ఇచ్చారు అని అడిగితే, "తొందరేముంది, తెలుస్తాదిలే" అనేది.

గ్యాసు పొయ్యి వచ్చిన రోజు దానికి పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి, అత్త చేతనే వెలిగించాము. ఆమె మామూలుగానే పాట మొదలుపెట్టింది. అమ్మవారు రెండో ఊర్లో ఇంకా చేద వెతుకుతుండగానే మాడు వాసన వచ్చింది. ఇల్లంతా నవ్వులు. అత్త నవ్వలేదు.

"ఈ పొయ్యికి శానా తొందరబ్బా. అమ్మ నడిచి పోతాండాది గాని బస్సెక్కి పోతాండ్లేదు" అంది.

ఆ రోజు నుంచి గ్యాసు కాఫీకి, పాలకు. సంగటి మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీద. కంప కట్టెలు, కందికట్టె, వాన రోజుల్లో తడికట్టె. ఆ పొగలోనే ఆమె పాడింది, ఊదింది, ఊపిరి పీల్చింది. అట్లా ఏళ్ళు గడిచాయి. పాట మధ్యలో దగ్గు రావడం ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు. దగ్గు మధ్యలో పాట వస్తోందని తెలిసినప్పుడు మాత్రం బాగా గుర్తుంది. అనంతపురం తీసుకుపోతే, డాక్టరమ్మ ఛాతీ ఫోటో చూసి, "ఈమె బీడీలు తాగుతుందా?" అని అడిగింది. అత్తకు ఎంత కోపమొచ్చిందంటే, ఆ కోపానికే ఆయాసం వచ్చేసింది.

డాక్టరమ్మ తప్పుగా అడగలేదు. పొయ్యి పొగ అంతే పని చేస్తుందని విడమరిచి చెప్పింది. ఇక కట్టెల పొయ్యి దగ్గరికి పోకూడదంది. ఆ తల్లిని పూజలో ఈనాటికీ తలుచుకుంటాను. అత్త మాత్రం ఇంటికొచ్చి గడపలో కూలబడి, "ఇంగ పాట ఏమిటికిలే" అంది. ఆ తరువాత ఆమె పాడలేదు.

విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచే కాలంలో మా వాకిట్లో ఆడవాళ్ళంతా చేరతారు. విత్తనం చీలకూడదు కాబట్టి మిషనుకు వేయకుండా చేత్తోనే ఒలుస్తాం. వాళ్ళు ఒలుస్తుంటే పేపరు చదవడం నా పని. నేను బడికి పోలేదు. నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, స్తోత్రాల పుస్తకంలో వేలు పెట్టించి అక్షరాలు నేర్పాడు. అందుకే పేపరు చదివినా నాకు స్తోత్రం రాగమే వస్తుందని వీళ్ళు ఎగతాళి చేస్తారు. ఆ రోజు అదే రాగంలో, వంటింటి పొగ వల్ల ఆడవాళ్ళ ఊపిరితిత్తులు చెడిపోతున్నాయని పరిశోధకులు చెప్పిన సంగతి చదివాను.

"మొన్న కాఫీ తాగద్దన్న్యారు, నిన్న తాగమన్న్యారు. ఈ పొద్దు పొగా?" అంది ఎదురింటి అక్క. ఆమె నోరు మా ఊరికంతా తెలుసు. "ఆ సైన్సోళ్ళకు ఇంట్లో పెండ్లాలు లేరేమో, ఒక మాట మీద నిలబెట్టేకి."

"పొగకు సచ్చేదుంటే మనమంతా ఎప్పుడో సచ్చింటాము గదక్కా" అంది ఇంకొకామె.

"మా నాయన పొగలేకుండానే సచ్చిపాయ. దానికేమంటారంట?" అని మరొకామె అందుకుంది.

ఒక చిన్న కోడలు భయంభయంగా, "వేపకట్టె పొగైతే మందేమోనక్కా" అంది. ఆ మాట అందరికీ నచ్చింది. వేపకు దోషం లేదని వాకిట్లోనే తీర్మానమైపోయింది. అత్త కూడా తలూపింది. మరుసటి రోజు ఆమె వేపకట్టెలు ఏరుకొస్తుందేమోనని నాకు భయం.

అదే పేజీలో కింద సిలిండరు ధర మళ్ళీ పెరిగిందని ఉంది. చదవకుండా దాటేద్దామనుకున్నాను. అక్క కళ్ళు చురుకు. అక్షరాలు రాకపోయినా సిలిండరు బొమ్మ పట్టేసింది.

"అది గ్యాసు బుడ్డి గదా? చదువు, ఊకే మింగద్దు."

చదివాను.

"అట్ల చెప్పు! పొగ వద్దంటారు, గ్యాసు రేటు పెంచుతారు. బువ్వ ఎండలో పెట్టి ఉడికించుకోవల్లనా?"

"మన ఎండకు ఉడికినా ఉడుకుతాది లేక్కా."

"కరెంటు పొయ్యి కొనుక్కోండి" అన్నాను నేను.

అక్క తలెత్తి, గుట్ట మీద తిరుగుతున్న గాలిమరల వైపు ఒలుస్తున్న కాయతో చూపించింది. "అవి మన గాలితోనే తిరుగుతాండాయి. మన బిల్లు మాత్రం వాటికన్నా బిరీన తిరుగుతాండాది."

అందరూ నవ్వారు, నేను కూడా. ఆ వారంలోనే ఒక్కొక్క పెరట్లో పాత పొయ్యిలు మళ్ళీ అలికారు. సాయంత్రమయ్యేసరికి వీధిలో పొగ పరుచుకునేది. దేవుడు క్షమించుగాక, ఆ వాసన ముక్కుకు తగిలితే నాకు అత్త ఆయాసం గుర్తు రాలేదు. పాట గుర్తొచ్చింది. మూడో ఊరి దగ్గర రాగిపిండి పడే చప్పుడు గుర్తొచ్చింది. అత్త గడపలో కూర్చుని, కళ్ళు మూసుకుని ఆ గాలినే పీల్చేది. ఆమెకూ అదే గుర్తొస్తుండాలి. "లోపలికి రా అత్తా" అంటే, "వాసన చూసినా తప్పేనా మే?" అనేది.

ఊపిరి బలపడడానికి డాక్టరమ్మ ఒక పద్ధతి చెప్పింది. ఎదురుగా దీపమో కొవ్వొత్తో వెలిగించుకుని, పెదాలు సున్నాలా చుట్టి, మెల్లగా ఊదాలి. మంట వంగాలి, ఆరిపోకూడదు. నేను ప్రమిదలో వత్తి వేసి ఆమె ముందు పెట్టాను.

"దీపాన్ని నోటితో ఊదేదా? నీకేమన్నా మతి ఉండాదా?" అని అత్త వెనక్కి జరిగింది. "దీపం లక్ష్మి. నోటి ఎంగిలి గాలి తగిలిస్తామా?"

కొవ్వొత్తి తెప్పించాను. దాన్నీ ఒప్పుకోలేదు. "కరెంటు పోయినప్పుడు దీనికీ దండం పెట్టినాము గదా. అప్పుడు లక్ష్మి, ఇప్పుడు కాదా?" ఆమె మాటలో నాకు తప్పు కనిపించలేదు. నేను కూడా దీపాన్ని పువ్వుతోనే కొండెక్కిస్తాను.

మళ్ళీ పోయినప్పుడు ఈ సంగతి చెబితే డాక్టరమ్మ గట్టిగా నవ్వింది. తరువాత, "అవ్వా, పాటలొస్తాయా? ఒక్కో గుక్కలో ఎంత పొడుగు పాడగలిగితే అంత పాడు. అది కూడా ఊపిరికి మంచిదే" అంది.

"పొయ్యి లేకుండా పాట యాడొస్తాదమ్మా?" అంది అత్త.

ఆ మాట నాలో నిలిచిపోయింది. ఇంటికొచ్చి దేవుని ముందు కాసేపు కూర్చున్నాను. తరువాత లేచి, గ్యాసు పొయ్యి మీద ఎసరు పెట్టి, అత్త పీట వంటింట్లో కిటికీ పక్కన వేశాను. మంట సన్నగా, ఇంకా సన్నగా తిప్పాను. నీలి చుక్కలు మాత్రమే మిగిలాయి.

"ఇప్పుడు ఈ పొయ్యికి తొందర లేదత్తా. నువ్వెంత మెల్లగా నడిపిస్తే అంత మెల్లగా ఉడుకుతుంది."

ఆమె వంగి ఆ మంట చూసి, పీట మీద కూర్చుని కొంగు దోపుకుంది. తరువాత గొంతు సవరించుకుంది. మొదటి ఊరు. రెండో ఊరు. ప్రతి పాదం తరువాత ఆగి, ఊపిరి కూడగట్టుకునేది. ఆ ఆగినంతసేపూ అన్నం మెత్తబడేది. నాలుగో ఊరి పొలిమేరలో దగ్గు వచ్చి నిలిచిపోయింది. మిగిలిన సంగటి నా అంచనాతో చేశాను. ఉండలు కట్టింది. అయినా నాకు పండుగ.

రోజూ అట్లాగే. రోజూ నాలుగో ఊర్లోనే. అమ్మవారు ఆ ఊర్లో ఎన్నాళ్ళు ఎండలో నిలబడిందో! పూజలో కూర్చున్నా నాకు అదే ధ్యాస. ఇంత దూరం నడిచిన తల్లికి దాహం తీరకముందే మా అత్త ఊపిరి అయిపోతే ఎట్లా? నేను వినని ఆ ఊరు ఆమెతోనే పోతే, ఇక ఎవర్ని అడగాలి?

ఒక సాయంత్రం మా ఇంటాయన సిలిండరు కదిపి చూసి, "ఇట్ల గంటలు గంటలు మండిస్తే యాడ తెచ్చేది?" అన్నాడు. కోపం కాదు, దిగులు. కాని అత్త విన్నది. మరునాడు నేను పూజలో ఉండగా ఆమె వీధి దాటి ఎదురింటి అక్క వాకిట్లో పొయ్యి ముందు కూర్చుంది. "గ్యాసు దండగ, ఈడే పాడుకుంటా" అన్నదట. దగ్గు నాకు పూజగదిలోకి వినబడింది. పరుగెత్తి పోయేసరికి అక్క ఆమె వీపు నిమురుతూ, కన్నీళ్ళు పెట్టుకుని తిడుతోంది. "సచ్చేకి నా పొయ్యే దొరికినాదా నీకు, అత్తా?"

పొగ మాటను అందరికన్నా ఎక్కువ ఎగతాళి చేసింది ఆమే. మర్నాడు చూస్తే ఆమె పొయ్యి మా వైపు లేదు. ఇంటి వెనక, గాలి మా మీదికి రాని మూలకు మార్చుకుంది. ఎందుకక్కా అంటే, "ముందరైతే ఎండ పడతాండాది" అంది. ఆ వాకిట్లో ఎన్నడూ ఎండ పడదు. ఆమెకు దండం పెట్టాలనిపించింది. పెడితే తిడుతుందని ఊరుకున్నాను. మా ఇంటాయన ఆ తరువాత సిలిండరు మాట ఎత్తలేదు. స్నానానికి గ్యాసు మీద నీళ్ళు కాచడం మానేసి, ఎండలో పెట్టిన బిందె నీళ్ళే పోసుకోవడం మొదలుపెట్టాడు.

అత్త కూడా మారింది. అక్క పొయ్యి జరిగిన సంగతి ఆమె గమనించకుండా ఎట్లా ఉంటుంది? పాట మొండిగా పట్టుకుంది. వానలకు ముందు అమ్మవారు ఐదో ఊరు చేరింది. విత్తనం పడిన వారంలో ఆరో ఊరు. ఆ సాయంత్రం నేను గిన్నె కింద పెట్టి, పాదాలతో అదిమి, కెలుకుతున్నాను. ఆమె గొంతు దారంలా సాగుతోంది, తెగడం లేదు. ఇవాళ వింటాను అనుకున్నాను. బయట ఎవరొచ్చినా లేవకూడదనుకున్నాను.

ఆరో ఊరు అయిపోయింది. అత్త ఆగింది.

"ఏమత్తా, ఊపిరి ఆడలేదా?"

"ఆడతాండాది. ఇంగ నువ్వు పాడు."

"నాకు రాదత్తా. ఆ ఊరు నేనెప్పుడూ విన్లేదు. నువ్వు నన్ను నీళ్ళకు పంపేదానివి."

"మా అత్త కూడా నన్ను అట్లే పంపేది" అంది తాపీగా. "ఏడో ఊరు వింటే నేర్చుకుంటారని పంపేది. అది నేర్చుకునేది కాదు మే. ఎవురి అమ్మగారూరు వాళ్ళు పాడుకోవల్ల. నా ఊర్లో మాయమ్మ ఇచ్చినాది నీళ్ళు. నా నీళ్ళు నీకెట్ల ఒస్తాయి?"

నేను సంగటి కట్టె పక్కన పెట్టాను. ఇన్నేళ్ళు ఎదురుచూసింది అత్త చేతిలో ఉందనుకున్నాను.

సంగటి చల్లారకుండా గిన్నె మళ్ళీ సన్నని మంట మీద పెట్టి మొదలుపెట్టాను, ఏ రాగమో తెలియకుండా. యాడికి అనే ఊరి దగ్గరున్న మా పుట్టింటి ఊరు పాడాను. ఎండిన వంకలో చెలమ తోడుకునే ఆడవాళ్ళను పాడాను. అక్షరాలు చెబుతూ నాయన కూర్చునే అరుగు పాడాను. కాళ్ళు బొబ్బలెక్కిన ఒక ముసలామె వచ్చి నిలబడితే, ఎవరమ్మా అని అడగకుండా చాప పరిచే మా అమ్మను పాడాను. అమ్మ పోయి చాలా కాలమైంది. ఆమె చెంబు తోముతున్న చప్పుడు దగ్గర నా పాట ఆగిపోయింది. చెంబు మీద ఆమె వేళ్ళు, తడి మన్ను, చెలమలో ఊరే నీళ్ళు... అన్నీ కనబడుతున్నాయి.

"నీళ్ళిచ్చినావా లేదా ఆయమ్మకు?" అంది అత్త. "ఆరు ఊర్లు నడిచొస్తే, ఇంకా నిలబెట్టి మాట్లాడిస్తాండావే!"

"ఇచ్చినాను అత్తా" అన్నాను.

"అట్లయితే పొయ్యి ఆర్పు. మాడతాండాది."

ఆర్పేశాను.